దొంగలు పడిన ఇల్లు

దొంగలను గురించి మన సాహిత్యంలో చాలా ఉన్నది. దొంగలు పడిన ఇంటిని గురించి చాలా తక్కువ ఉన్నది. ఈ రెండూ ఒకటే అని తోచవచ్చు గాని, కావు. దొంగకు దొంగతనం ఒక రాత్రితో ముగుస్తుంది. ఆ ఇంట్లో కాపురమున్నవారికి అది మరునాడు మొదలవుతుంది. పోలీసులు వచ్చి పోతారు. ఇరుగుపొరుగువారు పరామర్శించి పోతారు. పత్రికలో నాలుగు పంక్తులు పడతాయి. ఆ తరువాత దీపం ఆర్పి, అదే గదిలో, అదే తలుపు వెనుక పడుకోవలసినవారి సంగతి ఎవరికీ పట్టదు. వారు ఆ ఇంట్లో ఎట్లా ఉంటున్నారు? ఉండలేకపోతే ఎక్కడికి పోగలరు? ఈ ప్రశ్నలు సాహిత్యానికి సంబంధించినవనీ, అందులోను అభ్యుదయ సాహిత్యానికి ముఖ్యంగా సంబంధించినవనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన వాడుకభాషనే ముందు చూద్దాం. “ఇంట్లో దొంగలు పడ్డారు” అంటాము. పిడుగు పడుతుంది, వడగళ్ళు పడతాయి, దొంగలూ పడతారు. మొదటి క్షణంలో సామాన్యుడికి దొంగతనం ఎక్కడినుంచో వచ్చి మీద పడిన ఉపద్రవంగానే తోస్తుంది. తెల్లవారిన తరువాత అదే నోట మరొక మాట వస్తుంది: “ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.” ఉపద్రవానికి నేరస్థుడు అక్కరలేదు, భయానికి కావాలి. కనబడని వాడిని చూసి ఎంతకాలమని భయపడడం? అందుచేత భయం ఒక ముఖాన్ని వెతుక్కుంటుంది. ఆ ముఖం ఎవరిదవుతుంది అనేదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఇంటివారి మనస్సులో పుట్టదు. సమాజం ముందే సిద్ధం చేసి ఉంచుతుంది.

ఈ విషయాన్ని నాకు తెలిసినంతలో అందరికంటె బాగా గ్రహించిన రచన శూద్రకుని “మృచ్ఛకటికం”. తిరుపతి వేంకట కవులు దానిని తెనిగించారు. మూడవ అంకంలో శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నం వేసే ఘట్టం మన విద్యార్థులకు తెలియనిది కాదు. జందెంతో గోడ కొలవడం, కన్నం ఏ ఆకారంలో ఉంటే అందంగా ఉంటుందో ఆలోచించడం, చివరకు పూర్ణకుంభం ఆకారాన్ని ఎన్నుకోవడం: వీటిని చెప్పి, హాస్యానికి నవ్వించి, ఉపాధ్యాయులు సాధారణంగా అక్కడితో ఆపుతారు. కాని ఆ అంకంలో ముఖ్యమైన భాగం దొంగ వెళ్ళిపోయిన తరువాత వస్తుంది.

చారుదత్తుడు లేచి కన్నాన్ని చూస్తాడు. మొదట దాని పనితనాన్ని మెచ్చుకుంటాడు. పెద్ద ఇల్లు గదా అని ఆశపడి వచ్చినవాడు ఉత్త చేతులతో పోయి ఉంటాడే అని నొచ్చుకుంటాడు. నగల పెట్టె పోయిందని తెలిసినప్పుడు, వచ్చినవాడు వట్టిగా పోలేదుగదా అని సంతోషిస్తాడు కూడా. ఆ పెట్టె వసంతసేన దాచమని ఇచ్చిన సొత్తు అని విదూషకుడు గుర్తు చేయగానే మాత్రం మూర్ఛపోతాడు. తేరుకొని అతడు పడే బాధ సొమ్ము పోయినందుకు కాదు. దొంగ ఎత్తుకుపోయాడంటే ఎవరు నమ్ముతారు? తానే కాజేశాడని లోకం అంటుంది. ఎందుకంటే తాను పేదవాడు. ధనవంతుని ఇంట్లో దొంగలు పడితే అందరూ జాలిపడతారు, పేదవాని ఇంట్లో పడితే అతడినే అనుమానిస్తారు. ఇంత నిష్ఠురమైన సాంఘిక సత్యాన్ని ప్రాచీన నాటకకర్త ఒక కన్నం పక్కన నిలబెట్టి చెప్పాడు.

అదే ఘట్టంలో ఇద్దరు స్త్రీలను కూడ చూడాలి. చారుదత్తుని భార్య ధూత ఈ వార్త వినగానే అడిగిన మొదటి ప్రశ్న భర్తకూ, విదూషకునికీ దెబ్బలు తగలలేదుగదా అని. తరువాత పుట్టింటినుంచి తెచ్చుకున్న రత్నాల హారాన్ని వ్రతం పేరు పెట్టి తీసి ఇచ్చేస్తుంది. ఇంటి పరువు నష్టాన్ని పూడ్చడానికి స్త్రీధనమే ఇటుక అయింది. నాలుగవ అంకంలో, ఎవరి విడుదలకోసం ఈ దొంగతనం జరిగిందో ఆ దాసి మదనిక, నగలు ఎవరి ఇంటివో తెలియగానే అడిగినదీ దాదాపు అదే: ఆ ఇంట్లో ఎవరినీ చంపలేదుగదా, గాయపరచలేదుగదా అని. కొల్లగొట్టబడిన ఇంటి ఇల్లాలూ, కొల్ల ఫలం పొందవలసిన దాసీ ఒకే ప్రశ్న వేశారు. నాటకం మొత్తంలో మానవత్వం ఎక్కడ ఉన్నదో ఈ రెండు ప్రశ్నలు చెబుతాయి. అంకం చివరలో చారుదత్తుడు నౌకరు వర్ధమానకుడిని పిలిచి, అవే ఇటుకలతో కన్నాన్ని త్వరగా మూసివేయమంటాడు. లోకాపవాదం భయం అది. గోడ మూతపడుతుంది, అపవాదు మూతపడదు. తొమ్మిదవ అంకంలో న్యాయస్థానంలో అతడు చేయని హత్య అతడి మీద పడినప్పుడు, పేదరికమే నగలతోబాటు సాక్ష్యం చెబుతుంది.

శూద్రకుడు దొంగను ద్వేషించలేదు. శర్విలకుడు ప్రేమించినదానిని దాస్యంనుంచి విడిపించడానికి దొంగ అయ్యాడు, తరువాత రాజుమీద తిరుగుబాటులో పాల్గొన్నాడు. అదే సమయంలో ఇంటివారినీ వదలలేదు. ఈ రెండింటినీ కలిపి పట్టుకోగలగడమే ఆ నాటకం గొప్పతనం. తరువాతి మన సాహిత్యం ఈ రెండింటిలో ఒకదానిని జారవిడిచింది.

దండి కథను 13వ శతాబ్దంలో తెలుగు చేసిన కేతన తన “దశకుమార చరిత్ర”ను నెల్లూరి తిక్కనకు అంకితమిచ్చాడు. అందులో అపహారవర్మ చంపానగరంలోని లోభులకు సంపద అశాశ్వతమని బోధించడానికి వారి ఇళ్ళకు కన్నాలు వేస్తాడు. కథ రమ్యంగా ఉంటుంది. కాని ఆ లోభుల ఇళ్ళలో మరునాటి ఉదయం మనకు కనబడదు. దొంగ నాయకుడైనప్పుడు ఇంటివారు గోడలో భాగమైపోతారు. ఈ సంప్రదాయం చచ్చిపోలేదు. 1991లో వచ్చిన “స్టువర్టుపురం దొంగలు” మొదలుకొని 2023లో వచ్చిన “టైగర్ నాగేశ్వరరావు” దాకా వెండితెరమీద బతికే ఉన్నది. దొంగ ధైర్యం చూపించడానికి ఎత్తయిన గోడ కావాలి, ఆ గోడ వెనుక ఎవరు నిద్రపోతున్నారో అక్కరలేదు.

అభ్యుదయ రచయితల పద్ధతి వేరు. నేరం వెనుక ఆకలినీ, పోలీసునూ, కోర్టునూ చూపించడం వారు చేసిన గొప్ప పని. 1960ల ప్రారంభంలో వచ్చిన రావిశాస్త్రి “ఆరు సారా కథలు” చదివినవాడు చట్టాన్ని మళ్ళీ పాత కళ్ళతో చూడలేడు. నేరస్థుడనబడేవాడు పుట్టుకతో దుర్మార్గుడు కాడనీ, దుర్మార్గమైన ఏర్పాటు అతడినట్లా చేసిందనీ నిరూపించడం అవసరమైన కాలంలో మన రచయితలు దానిని నిరూపించారు. కాని ఒక విజయం అలవాటుగా మారినప్పుడు అందులో లోపం పుడుతుంది. మన కథల్లో సొత్తు పోగొట్టుకున్నవాడు తరచుగా లావుపాటి షావుకారు. అతడి ఏడుపు పాఠకుడికి నవ్వు తెప్పించడానికే. నిజజీవితంలో కన్నం పడే ఇళ్ళన్నీ షావుకార్లవేనా?

గూడూరులో కొన్నేళ్ళు ఉన్నవాడిని గనుక అక్కడ నేను చూసిన మూడు ఇళ్ళ సంగతి చెబుతాను. ఒకప్పుడు అభ్రకం గనులతో, తరువాత నిమ్మకాయల వ్యాపారంతో పేరుపొందిన ఊరు అది. మద్రాసు, విజయవాడ, రేణిగుంట దారులు కలిసే రైల్వే జంక్షన్ కాబట్టి రాత్రంతా బండ్లు వస్తూ పోతూ ఉంటాయి. రాత్రి వీధిలో పరాయివాడు నడిస్తే వింతగా చూడని ఊరు అది.

మొదటిది ఒక నిమ్మకాయల వ్యాపారి డాబా. దొంగలు పడిన నెలలోపల కిటికీలకు రెండవ వరస ఇనుపచువ్వలు వచ్చాయి, వాకిట్లో కుక్క వచ్చింది, మరి రెండు నెలలకు ఆ ఇంటిని అద్దెకిచ్చి వారు వేరే వీధికి మారిపోయారు. రెండవది ఒక ఉపాధ్యాయుడు అద్దెకున్న రెండు గదుల భాగం. బీరువాలోని బట్టలన్నీ నేలమీద పోసి దొంగ వెతికాడు. పోయినవి ఇల్లాలి గాజులు, కొద్దిపాటి రొక్కం. ఆమె మరునాడు ఆ బట్టలన్నిటినీ, కట్టుకోనివాటిని సైతం, బావి దగ్గర వేసి ఉతికింది. ఎవరు వారించినా వినలేదు. నెల దాటినా నడిరాత్రి లేచి గడియ తడిమి చూసుకునేది. “ఇల్లు మారుదామండీ” అని భర్తను అడిగేది. బయానా ఎక్కడ తేవడం, పిల్లల బడికి దూరమవుతుంది అని ఆయన జవాబు. దీనికితోడు అత్తవైపువారు “గాజులు బ్యాంకులో పెట్టుకోకపోయావా అమ్మా” అని ఆమెనే తప్పుపట్టారు. మూడవది కాలువగట్టున తాటాకు గుడిసె. దానికి తాళం లేదు, తడిక ఉన్నది. ఒక ఇత్తడి బిందె, కూలి డబ్బులు దాచిన డబ్బా పోయాయి. ఫిర్యాదుకు పోతే, ముందు ఆ గుడిసెలోనివారినే ఎక్కడెక్కడ తిరుగుతారో అడిగారు. వారు ఇంకెక్కడికీ పోవాలనుకోలేదు. పోవడానికి చోటు లేదు గనుక అట్లాంటి ఆలోచనే రాలేదు.

భయం ముగ్గురికీ ఒకటే. ఇంట్లో ఉండబుద్ధికాకపోవడం ముగ్గురికీ ఒకటే. ఒకడు ఆ భావాన్ని ఇల్లు మారడంగా మార్చుకోగలిగాడు. ఒకడి ఇంట్లో అది ఆలుమగల మధ్య రోజువారీ వాదులాటగా మిగిలింది. మూడవవాడికి అది నోటితో చెప్పుకునే హక్కు కూడ లేకపోయింది. కన్నం గోడకు పడుతుంది; దాని లోతును మాత్రం వర్గస్థితి నిర్ణయిస్తుంది.

ఇక అనుమానం సంగతి. ఉపాధ్యాయుని ఇంట్లో దొంగతనం జరిగిన మూడవరోజు ఎవరో అంజనం వేసేవాడి పేరు చెప్పారు. మరొకరు పనిమనిషి చేత బియ్యం నమిలించమన్నారు; నోరు ఎండి బియ్యం తడవకపోతే దొంగ అని లెక్క. ఆకలితో, అవమానంతో, భయంతో ఎవరి నోరు ఎండదు? ఆ ఇల్లాలు ఈ రెండింటికీ ఒప్పుకోలేదు. ఆమె చదివిన చదువు తక్కువ. అయినా తన భయాన్ని మరొక స్త్రీ మెడకు కట్టడానికి నిరాకరించింది. ఈ నిరాకరణ మీద ఒక మంచి కథ రావలసి ఉన్నది. నా ఎరుకలో రాలేదు.

ఆ సలహాలు ఇచ్చినవారు చెడ్డవారు కారు. వారి నోట పలికినది చాలా పాత ఏర్పాటు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఒక జాతిలో పుట్టడమే నేరానికి నిదర్శనమని శాసనంలో రాసుకున్నారు. వేలిముద్రలు తీసుకున్నారు, పోలీసులముందు హాజరు వేయించుకున్నారు, ఊరు దాటడానికి అనుమతి కావాలన్నారు, కొందరిని స్టువర్టుపురం, కావలివంటి సెటిల్మెంట్లలో ఉంచారు. ఎరుకలూ యానాదులూ ఈ చట్టం బరువు మోసినవారే. నెల్లూరు ప్రాంతంలో ఇతరుల తోటలకూ పొలాలకూ రాత్రి కావలి కాసినవారు యానాదులు. దొంగతనం జరిగితే ముందుగా అనుమానించబడినవారూ వారే. ఇంటివాడు తన ఇంట్లో నిర్భయంగా పడుకోవడం కోసమని, మరొకరికి రాత్రిపూట తన ఇంట్లో ఉండడాన్నే శిక్షగా మార్చిన చట్టం అది. హాజరుకు పిలిచినప్పుడు లేకపోతే నేరం, ఉంటే నేరస్థుడు.

దీనికి వ్యతిరేకంగా మన ప్రాంతంలో జరిగిన కృషిని మరచిపోగూడదు. నెల్లూరు జిల్లావాడైన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య జీవితకాలం పనిచేశారు. 1962లో వారినిగురించి ఇంగ్లీషులో గ్రంథం ప్రచురించారు. మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దుచేసింది. దేశం మొత్తానికి రద్దు చేసే విషయాన్ని పరిశీలించడానికి 1949లో ఏర్పడిన సంఘానికి అధ్యక్షుడు తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు. 1952లో చట్టం రద్దయింది. కాని దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కాగితంమీద పోయినది కంటిచూపులో మిగిలింది. కాలువగట్టు గుడిసెవారిని అడిగిన ప్రశ్న ఏ కాలంనాటిదో పాఠకులు గ్రహించగలరు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. “ఇల్లు, తలుపు, తాళం అనడం సొంత ఆస్తిమీద మమకారమే గదా? ఈ దుఃఖాన్ని సాహిత్యంలోకి ఎక్కించడం మధ్యతరగతి భావాలకు పట్టం కట్టడమే గదా?” అని. ఈ ఆక్షేపణ ఇంటినీ ఆస్తినీ ఒకటిగా చూస్తున్నది. అద్దెకున్న ఉపాధ్యాయుడికి ఆ ఇల్లు ఆస్తి కాదు. గుడిసెవాడికి ఆ నేల పట్టా కూడ లేదు. అయినా ఇద్దరికీ అది ఇల్లు. రోజంతా ఇతరుల ఆజ్ఞకు లోబడి పనిచేసినవాడు, ఎవరి ఆజ్ఞా లేకుండా కాళ్ళు చాపుకునే చోటు పేరు ఇల్లు. ఆ చోటులోకి భయం దూరితే, అతడికి లోకంలో మిగిలిన చివరి స్వేచ్ఛ పోతుంది. దీనిని ఆస్తి వ్యామోహమని కొట్టిపారేసేవాడు, చట్టం చేసిన పొరపాటునే మరొక వైపునుంచి చేస్తున్నాడు. చట్టం కూడ వస్తువులనే లెక్కిస్తుంది. గోడకు కన్నం వేసి చేయి దూర్చడాన్ని పాత శిక్షాస్మృతి ఇల్లు పగలగొట్టడానికి మొదటి ఉదాహరణగా ఇచ్చింది. 2024 జులైలో భారతీయ న్యాయ సంహిత వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి. దొరికిన సొత్తును కోర్టు తిరిగి ఇస్తుంది. పోయిన నిద్ర ఏ పంచనామాలోనూ ఎక్కదు.

ఆ నిద్ర పోవడం ఊహ కాదని ఇతర దేశాల పరిశోధనలు కూడ చెబుతున్నాయి. 1980లో మైక్ మాగ్వైర్ అనే పరిశోధకుడు ఇంగ్లండులోని థేమ్స్ లోయ ప్రాంతంలో ఇళ్ళలో దొంగలు పడినవారిని 300 మందికి పైగా ప్రశ్నించి ఫలితాలు ప్రకటించాడు. వారాలు గడిచిన తరువాత కూడ ఎక్కువమందిని పీడించినది పోయిన సొమ్ము కంటె, పరాయివాడు తమ చోటులోకి చొరబడి తమ వస్తువులు ముట్టుకున్నాడన్న భావమే. గూడూరు బావి దగ్గర ఉతికిన బట్టలకు ఆ ఇంగ్లీషు ఇళ్ళు అంత దూరం కావన్నమాట.

అంతకంటె మనకు పనికివచ్చేది రోచ్‌డేల్ పట్టణంలో కిర్క్‌హోల్ట్ అనే పేటలో 1980లలో జరిగిన ప్రయత్నం. అది పురపాలక సంఘం కట్టి అద్దెకిచ్చిన ఇళ్ళ పేట, ఉన్నవారు పేదలు. ఒకసారి దొంగలు పడిన ఇంట్లో త్వరలోనే మళ్ళీ పడే ప్రమాదం ఎక్కువని అక్కడ తేలింది. అంటే మళ్ళీ వస్తారేమో అని ఇల్లాలు గడియ తడుముకోవడం పిచ్చి కాదు. అక్కడివారు చేసినది మూడు విధాలు. గ్యాసు, విద్యుత్తుకోసం నాణేలు వేసే మీటర్లు ఇంటింటా డబ్బుపెట్టెలుగా ఉండి దొంగలను పిలుస్తున్నాయి గనుక వాటిని తీసేశారు. దొంగలు పడిన ఇంటికి గడియలు బాగుచేశారు. ఆ ఇంటి చుట్టూ ఉన్న అయిదారిళ్ళవారు దానిని కనిపెట్టి ఉండేట్లు ఏర్పాటు చేశారు. మూడేళ్ళలో దొంగతనాలు సుమారు 75 శాతం తగ్గాయి. ఎవరి జాతినీ జాబితాలో రాయనక్కరలేకపోయింది.

మన రాష్ట్రంలో గత దశాబ్దంలో పోలీసులు తాళం వేసిన ఇళ్ళకు కెమెరా పెట్టే పద్ధతి తెచ్చారు. ఊరు వెళ్ళేవారు కోరితే పెడతారు. మంచిదే. అయితే అది ఖాళీ ఇంటిని కాపాడుతుంది. దొంగలు పడిన తరువాత ఎక్కడికీ వెళ్ళలేక లోపల పడుకున్నవారి పక్కన కూర్చోదు. ఆ పని ఇరుగుపొరుగు చేయాలి. ఉపాధ్యాయుని ఇంటికి నెలరోజులపాటు రాత్రి తోడు పడుకోవడానికి వచ్చినది ఎవరో కాదు, బియ్యం నమిలించమని సలహా వచ్చిన ఆ పనిమనిషే. ఇల్లు మారుదామనే మాట ఆ ఇంట్లో క్రమంగా ఆగిపోయింది. అనుమానం ఇంటిని జైలు చేస్తుంది. తోడు దానిని మళ్ళీ ఇల్లు చేస్తుంది.

కాబట్టి మన కథకులను నేను కోరేది ఇది. దొంగను గురించి రాయండి. అతడి ఆకలిని దాచవద్దు. కాని కథను కన్నంతో ముగించవద్దు. మరునాటి ఉదయాన్ని రాయండి. ఎవరు ఇల్లు మారగలిగారో, ఎవరు మారలేకపోయారో రాయండి. తప్పు స్త్రీమీద ఎట్లా పడిందో, అనుమానం ఎవరి గుడిసెవైపు నడిచిందో, దానిని ఎవరు ఆపారో రాయండి. ఇంటివారి భయాన్ని ఎగతాళి చేసే సాహిత్యం ఆ భయాన్ని పోలీసుకూ, అంజనంవాడికీ, జాతి ద్వేషం అమ్ముకునేవాడికీ అప్పగిస్తుంది. వారు దానితో ఏమి చేస్తారో మన చరిత్రలో రాసే ఉన్నది. వర్ధమానకుడు ఇటుకలు పేర్చి కన్నం మూశాడు. ఆ గోడకు రెండు వైపులా ఉన్న మనుషులను ఒకరికొకరిని చూపించే పని రచయితది.